నాన్న రిపోర్టు వచ్చినప్పటి నుంచి

నాన్నకి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.3 వచ్చింది. 6.5కి చేరితే షుగరే. "ఇంకా రాలేదుగా!" అంటారాయన. నాకు మాత్రం టెన్షన్ తగ్గట్లేదు. తాతయ్యకి షుగర్ ఉండేది. గుండెపోటు వచ్చిన రోజు ఛాతీలో నొప్పే లేదు, ఒళ్లంతా చెమటలు, ఆయాసం. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే నొప్పి తెలియకపోవచ్చని డాక్టర్ తర్వాత చెప్పారు.

నాన్న చూడటానికి సన్నగానే ఉంటారు. కానీ టేపు పెట్టి బొడ్డు దగ్గర కొలిస్తే 96 సెంటీమీటర్లు! మన దేశంలో మగవాళ్లకి 90 దాటితేనే జాగ్రత్తపడాలంటారు. రాత్రిపూట అన్నం తగ్గిస్తే అమ్మ మీద అలుగుతారు, పాపం అమ్మ. ఎలాగోలా భోంచేశాక నాతో కలిసి గుడిదాకా నడవడానికి ఒప్పుకున్నారు. శనివారం పరగడుపునే కొలెస్ట్రాల్ పరీక్షకి తీసుకెళ్తున్నా.