‘అదే ఎట్లొస్తది తమ్మీ?’: ఐస్కజీ స్టోరేజ్ కలిపిన నా అనుభవం

బాలానగర్‌లో డైలు, మోల్డులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను సిస్టమ్ అడ్మిన్‌ని. పేరుకు అడ్మిన్ గానీ, సర్వర్ దగ్గర్నుంచి ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం దాకా అన్నిటికీ నన్నే పిలుస్తారు.

మాకు రెండు సర్వర్లు, రెండింట్లోనూ ప్రాక్స్‌మాక్స్, అంటే ఒకే సర్వర్‌లో చాలా కంప్యూటర్లున్నట్టు నడిపే సాఫ్ట్‌వేర్. ట్యాలీ, డ్రాయింగుల ఫైల్ సర్వర్, అటెండెన్స్ మెషీన్ సాఫ్ట్‌వేర్ అన్నీ వాటిమీద వర్చువల్ మెషీన్లుగా నడుస్తాయి. ఏ సర్వర్ డిస్కులు ఆ సర్వర్‌వే. మొన్న వేసవిలో రెండోదాని మదర్‌బోర్డు పోయింది. డిస్కులు భేషుగ్గా ఉన్నాయి, డేటా అంతా ఉంది, తీసి వాడుకోవడానికే దారి లేదు. మూడు రోజులు ట్యాలీ లేక అకౌంట్స్ మేడమ్ బిల్లులు చేత్తో రాశారు. నాలుగో రోజు మా సార్ నన్ను క్యాబిన్‌లోకి పిలిచి, ‘ఇంకోసారి ఇట్ల కాకుండ ఏం చేయాలె?’ అన్నారు. డిస్కులన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను రెండు సర్వర్లకూ కలుపుదాం, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది అన్నాను. అట్లా వచ్చింది స్టోరేజ్.

స్టోరేజ్ కోసమే విడిగా నెట్‌వర్క్ వేసే ఫైబర్ ఛానెల్ మా స్థాయికి ఎక్కువ. అందుకని ఐస్కజీ. డిస్కుకు పంపే స్కజీ ఆదేశాలను టీసీపీ ప్యాకెట్లలో పెట్టి మామూలు ఈథర్నెట్ మీద పంపడమే ఇది. 2004లో స్టాండర్డ్ అయింది, పోర్టు 3260. డిస్కు అడిగే సర్వర్‌ను ఇనిషియేటర్ అంటారు, ఇచ్చే స్టోరేజ్‌ను టార్గెట్ అంటారు. స్టోరేజ్‌లోంచి కోసి ఇచ్చిన ముక్కను లన్ అంటారు. సర్వర్‌కు అది తన సొంత డిస్కులాగే కనిపిస్తుంది.

పెట్టె వచ్చిన రోజే ఒక పంచాయితీ. 4 టీబీ డిస్కులు 12, అంటే 48 టీబీ. స్క్రీన్ మీద 36.4 అని చూసి సార్ ముఖం మాడిపోయింది. రెండు డిస్కులు ఒకేసారి పోయినా డేటా నిలవాలని రెయిడ్ 6 పెట్టాను, దానికి 8 పోయింది. మిగిలిన 40ని డిస్కు కంపెనీలు వెయ్యి లెక్కన కొలుస్తాయి, కంప్యూటర్ 1024 లెక్కన కొలుస్తుంది. ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. చివరికి ‘బంగారం కొంటే మజూరీ, తరుగు ఉంటాయి కదా సార్, రెయిడ్‌ది మజూరీ, 1024ది తరుగు’ అన్నాను. ‘తరుగు సరే, మజూరీ మస్తుగ ఏసినవ్’ అని సంతకం పెట్టారు.

పని శని, ఆదివారాలకు పెట్టుకున్నాను. ఆ ఆదివారం లష్కర్ బోనాలు, ఫ్యాక్టరీకి సెలవు. స్టోరేజ్‌లో రెండు కంట్రోలర్లు, ఒక్కోదానికి రెండు 10 గిగాబిట్ పోర్టులు. ఒక్కో సర్వర్‌కూ రెండు పోర్టులు. మొత్తం ఎనిమిది డ్యాక్ కేబుళ్లు (రెండు కొనలకూ ప్లగ్గులు బిగించి వచ్చే రాగి కేబుళ్లు) కావాలి. వచ్చినవి ఏడు. శనివారం మధ్యాహ్నం మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగి, కంప్యూటర్ సామాన్ల దుకాణాలుండే సీటీసీకి వెళ్లి ఎనిమిదోది తెచ్చాను. ఆదివారం దాకా ఆగితే ఆ బోనాల రద్దీలో పార్క్ లేన్ వైపు అడుగు పెట్టలేం. ఈ ఎనిమిదో కేబుల్‌ను గుర్తుపెట్టుకోండి, పాపం దానిమీద చాలా నిందలు పడ్డాయి.

స్విచ్ మాత్రం ఒక్కటే. అందులోనే రెండు వీల్యాన్లు, అంటే ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్కులు చేసి, 10.10.1, 10.10.2 అని రెండు సబ్‌నెట్లు పెట్టాను. స్విచ్ పోతే రెండు దారులూ పోతాయని తెలుసు. రెండో స్విచ్ అడిగితే సార్ మళ్లీ మజూరీ గుర్తుచేస్తారని ఊరుకున్నాను.

శనివారం సాయంత్రం మొదటి సర్వర్. స్టోరేజ్‌లో ఏ లన్ ఎవరికి కనిపించాలో ఇనిషియేటర్ పేరు చూసి తేలుతుంది. ఆ పేరే ఐక్యూఎన్. ప్రాక్స్‌మాక్స్ డెబియన్ మీద నడుస్తుంది కాబట్టి మా సర్వర్ పేరు కూడా ఐక్యూఎన్ డాట్ 1993-08 అని మొదలై, డెబియన్ పేరు చెప్పుకుని, చివర ఏవో అంకెలూ అక్షరాలూ కలిసిన తోకతో ఉంటుంది. డెబియన్ పుట్టింది కూడా 1993 ఆగస్టులోనే. ఆ పేరు కాపీ చేసి స్టోరేజ్‌లో ఎక్కించాను, లన్ కేటాయించాను. సర్వర్ నుంచి డిస్కవరీ (ఏ టార్గెట్లున్నాయో అడగడం), లాగిన్. ఒకే లన్ నాలుగు డిస్కులుగా కనిపించింది, ఎందుకంటే దారులు నాలుగు. మల్టీపాత్ ఆ నాలుగింటినీ ఒకటిగా కట్టింది. లన్ ఏ కంట్రోలర్ చేతిలో ఉందో ఆ రెండు దారులకు ప్రయారిటీ 50, పక్క కంట్రోలర్ దారులకు 10. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. దానిమీద ఎల్‌వీఎం (డిస్కును కావలసినట్టు ముక్కలు చేసుకునే పద్ధతి) చేసి, ఒక టెస్ట్ మెషీన్ ఎక్కించి, పదింటికి ఇంటికి పోయాను.

ఆదివారం పొద్దున్నే ఇంట్లో అమ్మ బోనం వండుతుంటే ‘గంటలో వస్తా’ అని బయల్దేరాను. రెండో సర్వర్‌లో డిస్కవరీ కొట్టాను, లాగిన్ కొట్టాను, లన్ వచ్చేసింది. దాని ఐక్యూఎన్ స్టోరేజ్‌లో ఎక్కించే పని ఇంకా మిగిలే ఉంది. అయినా వచ్చేసింది. పని ఒకటి తగ్గిందని నిజంగానే సంతోషించాను.

రెండు నిమిషాలు కాలేదు, రెండు సర్వర్ల లాగుల్లోనూ ‘డిటెక్టెడ్ కనెక్షన్ ఎర్రర్ 1020’ అని వరద. దారులు పోతాయి, వస్తాయి, మళ్లీ పోతాయి. నిన్నంతా బంగారంలా నడిచిన మొదటి సర్వర్ కూడా అంతే. టెస్ట్ మెషీన్ బిగుసుకుపోయి, కాసేపటికి దాని ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీలోకి వెళ్లిపోయింది.

మొదటి అనుమానం సీటీసీ కేబుల్. మార్చాను, అదే వరస. తర్వాత జంబో ఫ్రేములు, అంటే మామూలుకన్నా పెద్ద ప్యాకెట్లు. ఐస్కజీలో సగం గొడవలు ఎంటీయూవే, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజువే: సర్వర్‌లో 9000 పెట్టి స్విచ్‌లో మరిచిపోతే చిన్న ప్యాకెట్లు పోతాయి, లాగిన్ అవుతుంది, పెద్ద రాత దగ్గర ఆగిపోతుంది. ముక్కలు చేయొద్దని చెప్పి 8972 సైజుతో పింగ్ కొట్టాను. 9000లోంచి ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 తీసేస్తే అంతే మిగులుతుంది. అన్ని దారుల్లోనూ పోయింది. ఐపీ ఏమైనా డూప్లికేట్ అయిందా? లేదు. రెండో సర్వర్ నెట్‌వర్క్ కార్డు పాడైందేమో? స్పేర్ కార్డు వేశాను. ఊహూఁ.

విసుగొచ్చి మొదటి సర్వర్‌ను లాగౌట్ చేశాను. రెండోది చక్కగా నిలబడింది. రెండోదాన్ని తీసి మొదటిదాన్ని పెడితే అదీ చక్కగా ఉంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, ఇద్దరూ కలిస్తేనే కొట్లాట. మధ్యాహ్నం రెండయింది. అమ్మ నాలుగు సార్లు ఫోన్ చేసింది.

ఇక పాత ఆఫీసులో నాకు పని నేర్పిన అన్నకు ఫోన్ చేశాను. ఆయన ఇల్లు సికింద్రాబాద్‌లోనే. ఇంటినిండా చుట్టాలు, వెనక డప్పుల మోత. మేడ మీదికి పోయి అంతా విన్నాడు.

‘రెండో సర్వర్ ఐక్యూఎన్ స్టోరేజ్‌ల యాడ్ చేసినవా?’

‘చేయలే అన్నా. అదే వచ్చేసింది.’

డప్పులు తప్ప ఏమీ వినపడలేదు కాసేపు.

‘అదే ఎట్లొస్తది తమ్మీ?’

నాకు అప్పుడు తెలిసింది. మదర్‌బోర్డు మార్చాక ఆ సర్వర్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయలేదు. టైమ్ లేక, మొదటి సర్వర్ బూట్ డిస్కును క్లోన్ చేసి పెట్టాను. హోస్ట్ పేరు మార్చాను, ఐపీలు మార్చాను, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, మెషీన్ ఐడీ కూడా మార్చాను. ఇనిషియేటర్ పేరున్న ఫైలు మాత్రం గుర్తే లేదు. రెండు సర్వర్లలోనూ ఆ ఫైలు తెరిచి పక్కపక్కన పెట్టి చూశాను. తోకలో చివరి అక్షరం దాకా ఒకటే పేరు.

ఎందుకు కొట్టుకున్నాయో అన్న చెప్పాడు. స్టోరేజ్ ఒక సెషన్‌ను ఇనిషియేటర్ పేరు, దాంతో వచ్చే సెషన్ నంబరు చూసి గుర్తుపడుతుంది. లినక్స్ ఆ నంబర్లను రెండు సర్వర్లలోనూ ఒకే పద్ధతిలో ఇస్తుంది. అదే పేరు, అదే నంబరుతో ఇంకోసారి లాగిన్ వస్తే ‘సర్వర్ పడిపోయి మళ్లీ లేచింది, పాతది చచ్చిన కనెక్షన్’ అనుకుని పాతదాన్ని మూసేసి కొత్తదాన్ని కూర్చోబెడుతుంది. అలా మూయడం స్టాండర్డ్ ప్రకారం సరైన పనే. మూసేయబడ్డ సర్వర్ ఊరుకుంటుందా, మళ్లీ లాగిన్ అవుతుంది. కుర్చీ ఒకటి, ఆడేవాళ్లు ఇద్దరు. అసలు 1020 అంటేనే ‘అవతలివాడు టీసీపీ కనెక్షన్ మూసేశాడు’ అని అర్థం. కేబుల్ తెగి జవాబు రాకపోతే ఎక్కువగా 1022 టైమౌట్ కనిపిస్తుంది. లాగు పొద్దుటి నుంచీ నిజమే చెబుతోంది, నేనే కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాను.

‘చాప్ పాస్‌వర్డ్ పెట్టినా ఆగలేదేంటన్నా?’ అని అడిగి నాలుక కరుచుకున్నాను. పాస్‌వర్డు ఉన్న ఫైలు కూడా క్లోన్‌లోనే వచ్చింది మరి.

ఆయన ఇంకోటి అడిగాడు: ‘లన్ మీద నేరుగా ఈఎక్స్‌టీ4 చేసి రెండు సర్వర్లల మౌంట్ చేయలే కదా?’ చేయలేదు. ఈఎక్స్‌టీ4 ఒకసారికి ఒక సర్వరే వాడాల్సిన ఫైల్ సిస్టమ్; చేసుంటే ఒకరు రాసింది ఇంకొకరికి తెలియక ఫైల్ సిస్టమ్ చిందరవందర అయ్యేది. ఎల్‌వీఎంలో షేర్డ్ అని టిక్ పెడితే ఏ వర్చువల్ డిస్కు ఎవరి చేతిలో ఉండాలో ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ చూసుకుంటుంది. రెండో సర్వర్‌లో ఏ మెషీనూ నడపలేదు కాబట్టి బతికిపోయాను. టెస్ట్ మెషీన్‌కు ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే లేచి కూర్చుంది.

సరిచేయడానికి పది నిమిషాలు. రెండో సర్వర్ లాగౌట్, పాత టార్గెట్ రికార్డులు తీసివేత, కొత్త పేరు పుట్టించి ఫైల్లో పెట్టడం, సర్వీస్ రీస్టార్ట్. ఈసారి లాగిన్ అయింది గానీ లన్ కనిపించలేదు. ఆ కనిపించకపోవడం చూస్తే ఎంత హాయిగా ఉందో. కొత్త ఐక్యూఎన్ స్టోరేజ్‌లో ఎక్కించి, రెండు సర్వర్లనూ ఒకే హోస్ట్ గ్రూపులో వేసి రీస్కాన్ చేస్తే నాలుగు దారులూ వచ్చాయి. స్టోరేజ్ స్క్రీన్ మీద ఎనిమిది సెషన్లు. గంటసేపు చూశాను, ఒక్కటి కదల్లేదు.

తర్వాత టెస్ట్ మెషీన్‌లో పెద్ద ఫైలు కాపీ పెట్టి, 50 ప్రయారిటీ ఉన్న కేబుల్ ఒకటి పీకాను. కాపీ ఆగింది. రెండు నిమిషాలు దాటింది, ఇక నా పని అయిపోయిందనుకున్నాను, అప్పుడు కదిలింది. లినక్స్‌లో ఐస్కజీని నడిపే ఓపెన్-ఐస్కజీ, పోయిన దారి కోసం 120 సెకన్లు ఎదురుచూస్తుంది, ఆ తర్వాతే మల్టీపాత్‌కు చెబుతుంది. ఒకటే దారి ఉంటే ఆ ఓపిక మంచిదే. నాలుగున్నప్పుడు దేనికి? 15 చేసి, మళ్లీ లాగిన్ అయి ఇంకోసారి పీకాను. అర నిమిషం లోపలే కాపీ ముందుకు పోయింది.

సోమవారం పదకొండింటికి ట్యాలీ మెషీన్ డిస్కును లన్ మీదికి తెచ్చాను. మేడమ్ బిల్లు కొడుతుండగానే మెషీన్‌ను ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మార్చాను. ఆమె తల ఎత్తలేదు. సార్‌కు చూపించబోతే, ‘ఏం మారింది? అట్లనే ఉంది గద!’ అన్నారు.

సాయంత్రం అన్నకు ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పాను. ‘ఆ క్లోన్ ఇమేజ్ ఇంక ఉన్నదా?’ అన్నాడు. ఉంది, బ్యాకప్ డిస్కులో, ‘ప్రాక్స్‌మాక్స్ ఫైనల్’ అని పేరు పెట్టుకుని మరీ. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే దాన్ని డిలీట్ చేశాను.