కత్తిపీట అటకెక్కిన రోజులు

మా పాపకు ఇప్పుడు రెండేళ్ళు దాటాయి. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కనే చతికిలబడి పొట్టు ఏరి నా ఒళ్ళో పోస్తుంది. ఈ మాట రాయగలనని ఒకప్పుడు అనుకోలేదు. అప్పట్లో మా ఇంట్లో చాకు, కత్తెర, అమ్మ ఊరి నుంచి తెచ్చిన కత్తిపీట, అన్నీ పాత చీరలో చుట్టి అటక మీద పెట్టించాను. కారణం చెప్పలేదు. అమ్మ గొణుక్కుంటూనే చేత్తో తుంచగలిగే కూరలే వండింది. ఆకుకూర, బీన్స్, గోరుచిక్కుడు, మళ్ళీ ఆకుకూర.

మాది హిందూపురం. పెళ్ళయ్యాక బెంగళూరు మారతహళ్ళిలో కాపురం. కాన్పు ఇక్కడే, సిజేరియన్. అందులో చెప్పడానికేమీ లేదు, అందరికీ జరిగినట్టే జరిగింది. చెప్పాల్సింది పంతొమ్మిదో రోజు రాత్రి గురించి.

రెండున్నర అయి ఉంటుంది. మా ఆయన పక్కగదిలో అమెరికా వాళ్ళతో కాల్‌లో ఉన్నాడు. అమ్మ నిద్రపోతోంది. పాపను భుజాన వేసుకుని వేడినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద చాకు ఉంది. మధ్యాహ్నం బొప్పాయి కోసిన చాకు, కడిగి బోర్లించి ఉంది. దాన్ని చూడగానే "దీంతో పాపను పొడిచేస్తే?" అని ఒక ఆలోచన వచ్చింది. ఎవరో చెవిలో చెప్పినట్టు కాదు, నా ఆలోచనే, నా గొంతే. ఒళ్ళంతా చల్లబడింది. పాపను తెచ్చి అమ్మ పక్కన పడుకోబెట్టి, బాత్‌రూమ్‌లోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాను.

తెల్లారే వరకు బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను. నాలుగింటికి పాప ఆకలికి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే పాలు చేపుకొచ్చి నైటీ తడిసి మోకాళ్ళ మీదికి కారాయి. అమ్మ తలుపు కొడుతోంది. "ఏమైందే, పిల్ల ఏడుస్తాంది, బయటికి రాయే" అంటోంది. నేను మాత్రం రామ రామ అని పదకొండుసార్లు అనుకోవడం, మధ్యలో ఆ ఆలోచన వస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టడం. ఎన్నిసార్లు మొదలుపెట్టానో లెక్కలేదు. ఆ తడి బట్ట ఆరి గట్టిపడటం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత రోజూ అదే. బాల్కనీలోకి వెళితే కింద పడేస్తానేమోనని భయం. స్నానం చేయిస్తుంటే నీళ్ళలో ముంచేస్తానేమోనని భయం. పాప ఊపిరి తీస్తోందో లేదో రాత్రికి ముప్ఫై నలభైసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. మా ఆయన్ని "నేనేం చేయను కదా? చేసేదాన్నయితే నీకు తెలుస్తుంది కదా?" అని అడిగి అడిగి విసిగించాను. "ఛ, నువ్వెందుకు చేస్తావ్" అంటే పది నిమిషాలు ప్రశాంతంగా ఉండేది. మళ్ళీ మామూలే.

అయిదు రోజులకు ఇంటి దగ్గర ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. పేరు చెప్పను. ఉన్నదంతా ఏడుస్తూ చెప్పాను. ఆయన అయిదు నిమిషాలు విని నా వైపు చూడకుండా మా ఆయనతో అన్నాడు: "పాపను ఈవిడ దగ్గర ఒంటరిగా వదలకండి."

ఈ ఒక్క మాటకు ఆయన్ని నేను క్షమించలేదు. నాలో ఉన్న భయానికి ఒక డాక్టరే సంతకం పెట్టి ముద్ర వేసినట్టయింది. అత్తయ్య కడప నుంచి దిగింది. అప్పటినుంచి పద్దెనిమిది రోజులు పాలు పట్టేటప్పుడు మాత్రమే పాప నా చేతికి వచ్చేది. ఆ కాసేపూ ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని నా చేతులనే చూస్తుండేవాళ్ళు. మా ఆయన కూడా. వాళ్ళ తప్పేం లేదని ఇప్పుడు అనుకుంటాను. కొన్ని రోజులు అలా కూడా అనుకోలేను.

ఆరు వారాల టీకాకు వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరమ్మ పాపను నా ఒళ్ళో పెట్టబోతే చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. టీకా అయ్యాక అందరినీ బయటికి పంపి తలుపు వేసింది. అరగంట విని, హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్‌కు చీటీ రాసిచ్చింది. మా వైపు ఆ పేరు చెబితే "పిచ్చాసుపత్రి" అంటారు. అత్తయ్య "బాలింత, గాలి సోకిందేమో, తాయత్తు కట్టిద్దాం" అంది. అమ్మ కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుంది. మొక్కు మొక్కుగానే ఉండనిచ్చి మేం పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడ్డాం. అక్కడ ఎటు చూసినా తెలుగే వినిపించింది. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వాళ్ళు.

అక్కడి డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న నాకు మందులా పనిచేసింది. "ఆ ఆలోచన వచ్చినప్పుడు మీరేం చేస్తారు?" కత్తులు దాచిన సంగతి, బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకున్న సంగతి, లెక్కపెట్టుకునే జపం సంగతి చెప్పాను. "అంటే ఇన్నాళ్ళూ పాపను కాపాడటానికే ఇన్ని తిప్పలు పడ్డారు" అంది. ఏడుపు ఆగలేదు.

అది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అని చెప్పింది. నేను నమ్మలేదు. ఓసీడీ అంటే చేతులు కడుక్కోవడమే అనుకునేదాన్ని. చెయ్యి కడుక్కోవడమైనా, తాళం పదిసార్లు లాగి చూడటమైనా, నాలా మనసులో జపం లెక్కపెట్టడమైనా లోపలి యంత్రం ఒకటేనట. అక్కర్లేని ఆలోచన వస్తుంది, భయం పుడుతుంది, భయం తగ్గడానికి ఏదో ఒక పని చేస్తాం, ఆ పని వల్ల కాసేపు తగ్గుతుంది, అందుకే ఆలోచన మళ్ళీ బలంగా వస్తుంది. కాన్పు తర్వాత కొందరు తల్లుల్లో ఇది మొదలవుతుంది, ఉన్నవాళ్ళకు ముదురుతుంది. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు పరిశోధకులు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగితే వాళ్ళలో కూడా చాలామందికి ఇలాంటి పాడు ఆలోచనలే వస్తాయని తేలిందట. వాళ్ళకు వచ్చి పోతాయి. మనం పట్టుకుని "నాకెందుకొచ్చింది" అని విచారణ పెడతాం. ఆ రాత్రి ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నేను గడియ తీసి బయటికి వచ్చి పాలిచ్చేదాన్ని.

ఇంకొకటి కూడా చెప్పింది, ఇది బాలింతల ఇళ్ళల్లో అందరికీ తెలియాలి. తల్లి ఆ ఆలోచనకు భయపడకుండా, అదే నిజమని నమ్ముతున్నా, బిడ్డలో ఏదో దుష్టశక్తి ఉందంటున్నా, గొంతులు వినిపిస్తున్నాయంటున్నా, నిద్రే అక్కర్లేనట్టు తిరుగుతున్నా అది వేరే జబ్బు. అప్పుడు ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ రెంటికీ తేడా తెలుసుకోకుండానే ఆ మొదటి డాక్టర్ తీర్పు చెప్పేశాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగితే లేదన్నాను. తిరిగొస్తుంటే సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. అప్పుడు మా నాయనమ్మ చేతులు కళ్ళ ముందుకొచ్చాయి. బిందెను ఏడుసార్లు తోమి, ఎవరి నీడైనా పడితే మళ్ళీ ఏడుసార్లు తోమేది. చలికాలం వేళ్ళ సందుల్లో పగిలి నెత్తురు కారేది. ఇంట్లో అందరం "చాదస్తపు ముసలమ్మ" అనేవాళ్ళం, నేనూ అన్నాను. మడి అనుకున్నాం. బిందె తోముతూ ఆమె ఏడ్చేది. ఎందుకు ఏడుస్తున్నావని ఒక్కరం అడగలేదు.

వైద్యం గురించి త్వరగా చెప్పేస్తాను. తీవ్రత కొలవడానికి పది ప్రశ్నలుంటాయి, నలభైకి నాకు 27 వచ్చింది. సెర్ట్రలిన్ అనే మందు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా 150కి పెంచారు. ఓసీడీకి డిప్రెషన్ కంటే ఎక్కువ మోతాదు కావాల్సి వస్తుందట, పూర్తిగా పనిచేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుందట. పాలలోకి చాలా తక్కువే వెళుతుందని చెప్పి పాలు మాన్పించలేదు. మొదటి రెండు వారాలు వాంతి వచ్చినట్టుండి, టెన్షన్ ఇంకా పెరిగింది. అప్పుడు మానేసి ఉంటే అయిపోయేదాన్ని.

మందు కాక వైద్యంలో రెండో భాగం ఉంది, అసలు కష్టం అదే. దాన్ని ఈఆర్‌పీ అంటారు. భయపడే దానికి ఎదురుగా నిలబడాలి, భయం తగ్గించుకోవడానికి చేసే పని మాత్రం చేయకూడదు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన ఇద్దరు రోగుల మీద ఈ దారి చూపించాడట. నా విషయంలో దాని అర్థం, అటక మీది మూట దించడం.

మొదటి వారం చాకు బల్ల మీద, పాప పక్కగదిలో. తర్వాత పాప అదే గదిలో. ఆరోవారం అమ్మను గుడికి పంపించి, పాపను చాప మీద పడుకోబెట్టి, రెండడుగుల దూరంలో కత్తిపీట ముందు కూర్చుని గోరుచిక్కుడు తరిగాను. జపం చేయకూడదు. భయం వందకు ఎంతుందో కాగితం మీద రాయాలి. 95 అని రాశాను. చేతులు వణికి కాయలు ఒక్కోటీ ఒక్కో సైజులో తెగాయి. పాప కాళ్ళు ఎగరేస్తూ ఫ్యాన్‌ను చూస్తోంది. పావుగంటకు 80. నలభై నిమిషాలకు 45. కూర మాడింది, అందరం అదే తిన్నాం.

మా ఆయనకూ ఒక పని ఇచ్చారు. "నేనేం చేయను కదా?" అని అడిగితే ధైర్యం చెప్పకూడదు. "ఏమో, తెలీదు" అనాలి. అలా అన్న మొదటి రోజు అతని గొంతు పూడుకుపోయింది. నాకు అతని మీద పీకల దాకా కోపం వచ్చింది. ఈ మనిషే కదా పద్దెనిమిది రోజులు నా చేతులు చూస్తూ కూర్చున్నాడు అనుకున్నాను. తెలీదన్న మాటతో బతకడం నేర్చుకుంటేనే ఈ జబ్బు పట్టు వదులుతుందని అర్థం కావడానికి నెలలు పట్టింది. అయిదో నెలలో ఆ స్కోరు 11కి వచ్చింది. మందు ఇంకా వాడుతున్నాను, బాగయ్యాక కూడా కనీసం ఏడాది, రెండేళ్ళు వాడాలన్నారు.

నాలాంటి ఆలోచనతో ఎవరైనా బాత్‌రూమ్‌లో కూర్చుని ఇది చదువుతుంటే, అమ్మా, బయటికి రా. ఎవరితో చెప్పాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయి. టెలీ మానస్ అది, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మొదటి డాక్టర్ కసిరితే రెండో డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

మొన్న ఉగాదికి అమ్మ మొక్కు తీర్చడానికి కసాపురం వెళ్ళాం. దేవుడి పేరును నా భయం ఇంతకాలం కూలికి పెట్టుకుందని నాకు స్వామి ముందు సిగ్గేసింది. పాపను చంకనేసుకుని ప్రదక్షిణలు చేశాను, ఊరికే నడిచాను. అమ్మ అలిసిపోయి ధ్వజస్తంభం దగ్గర కూర్చుని పసుపు రాసిన వేళ్ళు చాచి "ఎన్నైనాయే?" అని అడిగింది.

"తెలీదమ్మా" అన్నాను.