సిడ్నీలో అరెస్టు నుంచి తీర్పు దాకా: నా అనుభవం

తప్పు చేయనప్పుడు పోలీసులకు జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తే వదిలేస్తారని మనవాళ్లలో గట్టి నమ్మకం. సిడ్నీ ఉన్న ఆస్ట్రేలియా రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో ఆ నమ్మకంతో స్టేషన్‌లో నోరు విప్పితే చిక్కే. నాపై పెట్టింది కామన్ అసాల్ట్ (పెద్ద గాయాలు లేని దాడి) కేసు. షేరింగ్ ఇంట్లో గొడవ అది. విచారణలో మేజిస్ట్రేట్ కేసు కొట్టేశారు. ప్రాసిక్యూషన్ చేతిలో నా మాటలంటూ ఏవీ లేకపోవడమే నన్ను ఎక్కువగా కాపాడింది.

స్టేషన్‌కు తీసుకెళ్లగానే కస్టడీ మేనేజర్ ముందు నిలబెడతారు. ఈయన కేసు దర్యాప్తు చేసే ఆఫీసర్ కాదు, మన హక్కులు చదివి వినిపించడం ఈయన బాధ్యత. ఏమీ చెప్పాల్సిన పని లేదు, చెబితే మాత్రం అది సాక్ష్యం కావచ్చు. లాయర్‌కు, బంధువుకో స్నేహితుడికో ఫోన్ చేసుకోవచ్చు. భారత పౌరులైతే కాన్సులేట్‌కు కబురు పెట్టమనొచ్చు. ఇంగ్లీషులో ఇబ్బంది ఉంటే ఇంటర్‌ప్రెటర్‌ను పిలిపించాలి. ఆఫీసులో ఇంగ్లీషు దంచేవాళ్లు కూడా ఇక్కడ మొహమాటపడొద్దు. ‘తోశాను’కూ ‘తగిలింది’కీ మధ్య తేడా తెలిపే ఒక్క మాట తప్పినా కేసు తారుమారవుతుంది.

ఛార్జి పెట్టకుండా దర్యాప్తు కోసం ఉంచుకోగలిగేది 6 గంటలు. వారెంటు తెచ్చుకుంటే ఇంకో 6 గంటల దాకా పొడిగించొచ్చు. లాయర్ కోసమో ఇంటర్‌ప్రెటర్ కోసమో ఆగిన సమయం, భోజనం, వైద్యం ఇందులో లెక్కకు రావు. అందుకే గడియారం చూసి కంగారు పడొద్దు.

పేరు, చిరునామా, పుట్టిన తేదీ ఇవ్వండి. వేలిముద్రలు, ఫొటోలకు ఎదురుచెప్పకండి. ఫోన్ పాస్‌కోడ్ అడిగితే లాయర్‌తో మాట్లాడాకే చెప్తాననండి. రికార్డింగ్ ఇంటర్వ్యూ అడిగితే ‘నేను ఇంటర్వ్యూ ఇవ్వదలచుకోలేదు’ అన్న ఒక్క వాక్యం చాలు. ఇలాంటి కేసులో మౌనంగా ఉన్నందుకు కోర్టు మనల్ని తప్పుపట్టకూడదు, ఎవిడెన్స్ యాక్ట్ 89వ సెక్షన్ చెప్పేది అదే. కొన్నిటికి జవాబిచ్చి కొన్నిటికి ఊరుకుంటే మాత్రం ఇచ్చిన జవాబులు సాక్ష్యమవుతాయి, చిక్కంతా అక్కడే. కారులోనో కారిడార్‌లోనో వాళ్లు మామూలుగా మాట కలిపినా జాగ్రత్త. ఒంటిమీద కెమెరా ఉంటుంది, నోట్‌బుక్ ఉంటుంది.

మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ‘సారీ’ దగ్గర. గొడవ సద్దుమణగాలని మర్యాదకు అన్న సారీ, వాట్సాప్‌లో పెట్టిన ‘సారీ బ్రో’ తప్పు ఒప్పుకున్నట్టుగా కోర్టులో చదువుతారు. పైగా ఫిర్యాదు చేసిన మనిషిని కలవొద్దని బెయిల్ షరతు ఉంటే, ఆ మెసేజ్ పెట్టడమే షరతు ఉల్లంఘన.

బెయిల్ షరతుల్లో మనకు ఎక్కువగా తగిలేది ఇంటికి వెళ్లొద్దన్నది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటుంటే ఆ రాత్రి ఎక్కడుంటామో స్టేషన్‌లోనే చెప్పాల్సి రావచ్చు. ఒక స్నేహితుడి చిరునామా గుర్తుండాలి. పాస్‌పోర్టు, బట్టల కోసం సొంతంగా వెళ్లకండి, పోలీసుల ద్వారా ఏర్పాటు చేసుకోండి. ఫిర్యాదు చేసిన మనిషి రక్షణ కోసం పోలీసులు ఏవీఓ (మనల్ని దూరంగా ఉంచే కోర్టు ఉత్తర్వు) కూడా అడిగితే, ఆరోపణలు ఒప్పుకోకుండానే ఆ ఉత్తర్వుకు అంగీకరించే వీలుంది. ఆ సంగతి ముందే లాయర్‌తో తేల్చుకోవాలి.

చేతికిచ్చే కోర్ట్ అటెండెన్స్ నోటీసుతో పాటు ఫ్యాక్ట్స్ షీట్ వస్తుంది. అది పోలీసుల కథనం. గిల్టీ అంటే దాన్నంతా ఒప్పుకున్నట్టే, అందుకే ప్రతి వాక్యం చదవాలి. లోకల్ కోర్టులో మొదటి వాయిదాకు లీగల్ ఎయిడ్ డ్యూటీ లాయర్ ఉచితంగా సలహా ఇస్తారు. అంతకుముందే ప్రశ్నలుంటే లీగల్ ఎయిడ్ వాళ్ల ఉచిత న్యాయ సమాచార ఫోన్ లైన్ (లాయాక్సెస్ అనేవారు) 1300 888 529. క్రిమినల్ కేసుల్లో ఇంటర్‌ప్రెటర్‌కు డబ్బు కట్టక్కర్లేదు, రిజిస్ట్రీకి ముందే చెప్పి ‘తెలుగు’ అని రాయించండి. భారతీయుడు అని వదిలేస్తే హిందీ ఆయన రావచ్చు.

నాట్ గిల్టీ అంటే పోలీసులు సాక్ష్యాల ప్రతులు, వాంగ్మూలాలు, కెమెరా వీడియోలు ఇవ్వాలి. వీడియోనూ వాంగ్మూలాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. నా కేసు నిలవకపోవడానికి ఆ రెంటికీ పొంతన లేకపోవడం కూడా ఒక కారణం. జ్యూరీ ఉండదు, మేజిస్ట్రేటే తేలుస్తారు. సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. కేసు కొట్టేసినా లాయర్ ఫీజు దానంతటదే తిరిగి రాదు, దర్యాప్తు అన్యాయంగా సాగిందనో ఇలాంటి మరో కారణమో చూపాలి. నేరం ఒప్పుకున్నవాళ్లకు, రుజువైనవాళ్లకు కూడా శిక్షల చట్టంలోని సెక్షన్ 10 కింద కన్విక్షన్ (దోషి అన్న నమోదు) రాయకుండా వదిలే అధికారం కోర్టుకు ఉంది.

వీసా సంగతి మాత్రం కోర్టుతో తీరదు. ఛార్జి పడినంత మాత్రాన స్టూడెంట్ వీసా దానంతటదే పోదు. ఏడాది లేదా అంతకు మించి జైలుశిక్ష పడితే మైగ్రేషన్ యాక్ట్ 501వ సెక్షన్ కింద క్యారెక్టర్ పరీక్షలో (వీసాకు తగిన నడవడిక ఉందా అని చూసేది) నిలవరు. వీసా ఫారంలో ‘పెండింగ్ ఛార్జీలు ఉన్నాయా’ అని అడిగితే ఉన్నాయనే రాయండి, కేసు కంటే దాచిన విషయమే పెద్ద నష్టం తెస్తుంది. గిల్టీ అనే ముందు క్రిమినల్ లాయర్‌తో పాటు మైగ్రేషన్ లాయర్‌నూ అడగండి. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవచ్చు.