విశాఖ తేమలో తెరచాప పడవ అడుగుకు రంగు

పడవ ఒడ్డెక్కగానే, తడారకముందే అడుగు గీకెయ్యాలి. అడుగుకి అతుక్కునే బార్నకిల్స్ (గుల్ల జీవులు) ఎండాయంటే రాయే. మంచినీళ్లతో కడిగి, 80 నంబర్ వాటర్ పేపర్‌తో తడిగానే రుద్దండి. బార్నకిల్స్ పట్టకుండా అడుగుకి వేసే రంగులో రాగి ఉంటుంది, పాత రంగుని పొడిగా రుద్దితే లేచేది ఆ రాగి విషధూళి.

ఫైబర్ బయటపడ్డచోట ఎపాక్సీ ప్రైమర్ వేసి, అది వేలికి ఇంకాస్త జిగురుగా తగులుతుండగానే రాగి రంగు మొదటి కోటు పడాలి. గట్టిపడ్డాక వేస్తే పెచ్చులుగా ఊడొస్తుంది, మళ్లీ రుద్దుడే. డబ్బా అడుగున రాగి పేరుకుని ఉంటుంది, కర్రతో అడుగంటా కలపండి. మొత్తం 2 కోట్లు. చుక్కాని అంచుకీ నీటిగీతకీ మూడోది, ఒరిపిడంతా అక్కడే. ప్రొపెల్లర్ షాఫ్టుకి బదులు తామే తుప్పు పట్టేలా బిగించే జింక్ ముక్కల మీద చుక్క కూడా పడకూడదు, పడితే తుప్పు షాఫ్టుకి ఎక్కుతుంది.

ఇక్కడ అసలు శత్రువు తేమ. పొద్దున పొడిగా కనిపించే అడుగుకి అరచెయ్యి ఆనిస్తే చెమ్మ తెలుస్తుంది. అది ఆరేదాకా బ్రష్ ముట్టుకోవద్దు, సాయంత్రం 4 దాటాక అసలే వద్దు. అల్యూమినియం పడవకైతే ఈ రాగి రంగే పనికిరాదు.