శంషాబాద్‌ల దిగాల్సిన విమానాన్ని పైన తిప్పి తిప్పి బెంగుళూరుకు ఎందుకు తీసుకపోయిండ్రు?

నేను చేసేది ఫ్లైట్ డిస్పాచ్ పని. విమానంల ఎంత ఇంధనం వేయాల్నో లెక్కగట్టి కెప్టెన్ ముందర పెట్టేది మేమే. ఆ కాయితం మీద వరుసగ లైన్లుంటయి. రన్‌వే దాకా పోవడానికి టాక్సీ ఫ్యూయల్. ఇక్కడికెళ్లి అక్కడికి ట్రిప్ ఫ్యూయల్. ఎదురుగాలికి, దారి మార్పులకు కంటింజెన్సీ, మామూలుగ ట్రిప్‌ల 5 శాతం. దిగాల్సిన కాడ దిగలేకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకు పోయేంత ఆల్టర్నేట్. అన్నిటి కింద ఫైనల్ రిజర్వ్. జెట్ విమానమైతే ఎయిర్‌పోర్టు మీద 1,500 అడుగుల ఎత్తున 30 నిమిషాలు తిరిగేంత. ఎయిర్‌బస్ ఎ320 విమానానికి అది టన్నుకు కొంచెం అటుఇటు. ఆ కింది లైను వాడుకునుడు కోసం కాదు, దాన్ని అట్లనే మిగుల్చుకొని దిగాలె.

చాలామంది కెప్టెన్లు ఆల్టర్నేట్, ఫైనల్ రిజర్వ్ రెండూ కూడి, కాయితం అంచుకు ఒక అంకె రాసుకొని పెన్నుతో సున్నా చుట్టుకుంటరు. ట్యాంకుల ఇంధనం ఆ అంకెకు దిగక ముందే తేల్చుకోవాలె, ఇక్కడ దిగుడా, వేరే కాడికి పోవుడా అని.

మొన్న మే నెలల మా మామ దుబాయ్ నుంచి వస్తున్నప్పుడు అదే అయింది. మన దిక్కు మే సాయంత్రాలు తెలిసిందే గద, నాలుగింటి దాకా మండే ఎండ, అయిదింటికి గాలిదుమారం, ఆ వెనుకనే ఉరుములు. శంషాబాద్ మీద తిరిగి తిరిగి విమానం బెంగుళూరుకు మళ్లింది. కొండమల్లేపల్లి నుంచి కారు మాట్లాడుకొని వచ్చిన మా అత్తమ్మ ఎయిర్‌పోర్టుల నిలబడి ఫోన్ చేసింది. "అల్లుడా, పెట్రోల్ అయిపోయిందంటున్నరు, నిజమేనా?" గొంతు వణుకుతున్నది. అయిపోకముందే పోయిండ్రు అత్తమ్మా, భయపడకు అని చెప్పిన. వాన తగ్గినంక రాత్రికి మామ దిగిండు. లోపల కూసున్నోళ్లు సిబ్బంది మీద బాగ అరిచిండ్రంట. ఆకలి, పిల్లల ఏడ్పు, కోపం వస్తది. గని ఆ కెప్టెన్ ఇంకొక్క రౌండు చూద్దామనుకోలేదు, ఆ పని నాకు చాన నచ్చింది.

"ట్యాంకు నిండా కొట్టిస్తే అయిపోతుండె గద" అన్నడు మా బావ. శ్రీశైలం పోయేటోళ్లు మన్ననూరు దాటకముందే బండి నింపుకున్నట్టు అని ఆయన లెక్క. విమానంల ఎక్కువ పోస్తే ఆ బరువు మోయడానికే ఇంకింత కాలుతది. వెయ్యి కిలోలు అదనంగ వేస్తే గంటకు ముప్పై నలభై కిలోలు దానికే పోతయి. దిగేటప్పటి బరువుకు కూడ హద్దుంటది. అందుకే వాతావరణం చూసి వేస్తం. ఢిల్లీకి పొగమంచు పట్టినప్పుడు ఆల్టర్నేట్ జైపూర్ అని రాసుకుంటే సాలదు, అందరూ అటే మళ్లుతరు, పార్కింగ్ నిండిపోతది. అసొంటి రోజు ఇంకింత దూరపు ఎయిర్‌పోర్టుకు లెక్క కడతం.

ఈ పనిల ఉన్నోళ్లు మర్చిపోకూడనిది కొలంబియా దేశపు విమాన కంపెనీ అవియాంకా 52వ నంబరు ఫ్లైట్. 1990 జనవరి 25న బొగోటా నుంచి న్యూయార్క్ వచ్చిన బోయింగ్ 707. వాతావరణం బాగలేక గంటకు పైగ గాలిల ఆపిండ్రు. మొదటిసారి దిగలేక పైకి లేచి, మళ్లీ వచ్చేలోపు ఇంజన్లు ఆగిపోయినయి. లాంగ్ ఐలాండ్‌ల కూలి 73 మంది చనిపోయిండ్రు. ఇంధనం అయిపోతున్నదని కంట్రోలర్లకు చెప్పిండ్రు గని ఎమర్జెన్సీ అన్న మాట అనలేదు. ఇప్పుడు అనాల్సిన మాటలు ఖాయంగ ఉన్నయి. ఇంకేమాత్రం ఆలస్యమైనా ఫైనల్ రిజర్వ్ కరగొచ్చు అనుకుంటే "మినిమం ఫ్యూయల్". కరుగుడు ఖాయమని లెక్క తేలితే "మేడే, మేడే, మేడే, ఫ్యూయల్". మొదటిది హెచ్చరిక, దానికి ముందు వరుస దొరకదు. రెండోది ఎమర్జెన్సీ, ఆ విమానానికే ముందు దారి.

మబ్బులు పట్టే రోజుల్ల నేనిచ్చిన లెక్క మీద కెప్టెన్ ఇంకో అయిదు వందల కిలోలు అడుగుతడు ఒక్కోసారి. ఖర్చు లెక్క నాకూ తెలుసు. అయినా ఎందుకని అడగను, అంకె మార్చి కాయితం మళ్లీ తీసిస్త.