సీతానగరం మెట్ల మీద ఘంటసాల

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ముందుగదిలో సాయంత్రాలు పిల్లలకు గాత్రం నేర్పుతుంటాను. మొన్న కార్తీకంలో ఒకనాడు పాఠం నడుస్తుండగా వీధి చివర నుంచి మైకులో ఘంటసాల భగవద్గీత వినిపించింది. పదేళ్ల పిల్ల ఒకతె తాళం వేస్తున్న చెయ్యి ఆపి, “ఎవరో పోయినట్టున్నారు టీచర్” అన్నది. మిగిలిన పిల్లలెవరూ తల కూడా తిప్పలేదు. ఆ గొంతు వినబడితే ఎవరో పోయినట్టేనని వాళ్లకూ తెలుసు.

తప్పు పిల్లది కాదు. ఆయన కన్నుమూసిన 1974లోనే విడుదలైన ఆ రికార్డును శవయాత్రలకు అప్పగించింది పెద్దవాళ్లమైన మనమే. ఘంటసాల ఎవరని తక్కినవాళ్లను అడిగితే పాటలు పాడేవారని ఇద్దరు చెప్పారు గాని, సంగీత దర్శకుడని ఒక్కరూ అనలేదు. గొంతు అంత పెద్దదైతే దాని వెనక కూర్చుని వరుసలు కట్టిన మనిషి కనబడడు కాబోలు. ఆ మనిషిని వీళ్లకు చూపించాలని, బెజవాడలో ఆయన పేరుతో ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు తీసుకువెళ్లాలని ఆ రాత్రే అనుకున్నాను.

డిసెంబరు రెండో శనివారం బడులకు సెలవు కనుక ఆ రోజే బయలుదేరాము. ఎనిమిదిమంది పిల్లలు, ఇద్దరు తల్లులు, పులిహోర డబ్బాలు, నా చిన్న బ్లూటూత్ స్పీకరు, వీటన్నిటితో పాటు ఆఖరి నిమిషంలో “నేనూ వస్తానమ్మా” అంటూ చేతికర్ర పట్టుకుని వచ్చిన ఒక పిల్లవాడి తాతగారు. ఆయనను నేను బాబాయిగారూ అని పిలుస్తాను. చిన్నతనంలో నాటకాల్లో పద్యాలు పాడిన మనిషి కాబట్టి కాదనలేకపోయాను. ఆ రోజు పాఠంలో సగం ఆయనే చెప్పబోతున్నారని అప్పటికి నాకు తెలియదు.

రైలు కదిలాక కథ మొదలుపెట్టాను. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన పిల్లవాడు, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, సంగీతం కోసం విజయనగరం చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడై, తిండికి దారి లేనప్పుడు జోలె భుజాన వేసుకుని ఇంటింటా మధుకరం ఎత్తి చదువుకున్నాడని చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. నేను గొంతులో కొంత గాంభీర్యం కూడా తెచ్చుకున్నాను. అంతా విని ఒక బుడతడు, “కూర కూడా వేసేవారా టీచర్?” అని అడిగాడు. ఆ తరువాత కాలంలో అదే గురువుగారి కుమారుడు సంగీతరావుగారు మద్రాసులో ఘంటసాలకు సహాయకుడిగా ఏళ్ల తరబడి పనిచేశారన్నది ఈ కథలో నాకు అన్నిటికంటె ఇష్టమైన భాగం. పిల్లలకు మాత్రం జోలె దగ్గరే మనసు ఆగిపోయింది. మంగళగిరి కొండ కనిపించేదాకా మధుకరం గురించే ప్రశ్నలు.

కళాశాల గేటు మూసి ఉన్నది. రెండో శనివారం బడులకు సెలవని లెక్క వేసుకున్న నేను, అదే సెలవు ప్రభుత్వ కళాశాలకూ ఉంటుందన్న సంగతి మరచిపోయాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్క తప్పకుండా తాళం వేయడం నేర్పుతున్నదాన్ని నేను! తల్లులిద్దరూ మర్యాదగా ఏమీ అనలేదు. గేటు బయట నిలబడే, మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇక్కడ ప్రిన్సిపాలుగా పనిచేశారనీ, ఈ ఊరి ఆకాశవాణిలో ఉదయాన్నే వచ్చే భక్తిరంజని వెనక ఆయన కృషి ఉన్నదనీ నాలుగు మాటలు చెప్పి ముగించాను. మూసిన గేటు ముందు ఎంతసేపు పాఠం చెప్పగలం? నదికి పోదామని అన్నది పిల్లలే.

ఆటోలలో ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లి, అక్కడినుంచి ఆ కిలోమీటరుకు పైగా దూరం నడిచాము. డెబ్బై గేట్లున్నాయని చెప్పగానే పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభైల్లో ఎక్కడో తప్పిపోయి, మళ్లీ మొదటికి పోదామని గొడవ చేశారు. ఈ బ్యారేజీ తయారైనదీ, మాయాబజార్ విడుదలైనదీ ఒకే సంవత్సరం, 1957. రెండూ అరవై ఏళ్లు దాటినా పనిచేస్తూనే ఉన్నాయని బాబాయిగారు అన్నారు.

సీతానగరం వైపు మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నాము. ఎదురుగా ఇంద్రకీలాద్రి, నీటి మీద భవానీ ద్వీపానికి పోయే మోటారు పడవలు. పడవలు కనిపించాయి కదా అని స్పీకరులో మొదట లాహిరి లాహిరి పాట పెట్టాను. సగం కూడా కాకుండానే, గీతాలు చెప్పుకుంటున్న పిల్ల “ఇది వరవీణా రాగం!” అని అరిచింది. అది నేర్చుకున్న ‘వరవీణా’ గీతం మోహన రాగంలోనిది. మోహన రాగం అనడం దానికింకా అలవాటు కాలేదు, అయినా పట్టుకున్నది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. సంతోషంలో నేనే చిక్కు తెచ్చుకున్నాను: “అయితే ఇది ఘంటసాల కట్టిన వరుసా?” అని అది అడిగింది.

అక్కడ దాచిపెట్టి లాభం లేదు. మాయాబజారుకు మొదట సంగీతం చేపట్టిన సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకున్నారు. ఈ పాట ఆ నాలుగింటిలో ఒకటి. మిగిలిన పాటలు కట్టిందీ, ఈ నాలుగింటికీ వాద్యాలు సమకూర్చి రికార్డు చేయించిందీ ఘంటసాల. పాడిందీ ఆయనే, లీలతో కలిసి. “అయితే ఆ పాట ఎవరిది?” అన్నాడొకడు. వరుస అంటే ఏమిటి, దానికి ముందూ వెనకా వినిపించే వేణువూ వీణా ఎవరు రాస్తారు, పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే ఆ సంగీతం లేకపోతే పాట ఎట్లా ఉంటుంది అని, వరుసను వాద్యాలు లేకుండా ఒకసారి ఉత్త గొంతుతో పాడి వినిపించి, వెంటనే రికార్డు పెట్టి చూపించాను. పాఠ్యపుస్తకంలో దొరకని పాఠం ఇది. సంగీత దర్శకుడు చేసే పని ఏమిటన్నది, ఒక్కడే అన్నీ చేసిన పాటలో కంటే ఇట్లా ఇద్దరి చేతులు పడ్డ పాటలోనే తేటగా తెలుస్తుంది.

తరువాత ఒక ఆట ఆడాము. పాట వినగానే, పాడింది ఘంటసాలా, కట్టింది ఘంటసాలా అని విడివిడిగా చెప్పాలి. శివశంకరీ పెడితే అందరూ రెండూ ఆయనే అన్నారు. దర్బారీ కానడలో దానిని కట్టింది పెండ్యాల నాగేశ్వరరావు అనేసరికి మోసం చేశానన్నట్టు చూశారు. అహ నా పెళ్ళంట పెడితే సుశీల గొంతు విని ఘంటసాలకు సంబంధమే లేదన్నారు. మధ్యలో మగగొంతు బయటపడగానే పకపకా నవ్వారు. వివాహ భోజనంబు పాడిన మాధవపెద్ది సత్యం మన జిల్లాలో పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరు వాడని చెబితే, ఆ ఊళ్లో మేనత్త ఉన్న పిల్లవాడు అది తన ఘనత అన్నట్టు కాలరు సర్దుకున్నాడు. పాటలూ పద్యాలూ కలిసి ముప్పైకి పైగా ఉన్న లవకుశలో లవకుశుల పాటలకు లీల, సుశీల గొంతులు ఎంచుకుని, తను వాటి వెనక ఉండిపోయిన సంగీత దర్శకుణ్ణి ఆ పాటికి వాళ్లే గుర్తుపట్టారు. కార్తీకంలో తాళం ఆపిన పిల్ల అప్పుడు నెమ్మదిగా, “భగవద్గీతకు వరుస కట్టింది ఎవరు టీచర్?” అని అడిగింది. ఆయనే అని చెప్పాను. అది ఇంకేమీ అడగలేదు.

పులిహోర తిన్నాక పుష్పవిలాపం పెట్టబోతుంటే బాబాయిగారు అడ్డుపడ్డారు. ఆయన గుంటూరు ఏసీ కాలేజీలో చదివే రోజుల్లో, ఆ పద్యాలు రాసిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు అక్కడే తెలుగు చెప్పేవారట. “ముందు మా నాటకాల పద్ధతిలో వినండి” అని కర్ర పక్కన పెట్టి, “నే నొక పూలమొక్క కడ నిల్చి” అని ఎత్తుకున్నారు. పద్యపాదం చివరి అక్షరం మీద రాగం మొదలైంది. అది బ్యారేజీ దాకా వెళ్లి తిరిగి వచ్చిందని చెప్పాలి. గొంతు వణుకుతున్నా శ్రుతి తప్పలేదు. అవతలి మెట్ల మీద బట్టలు ఉతుకుతున్నావిడ చెయ్యి ఆపింది.

ఆ తరువాత రికార్డు. అదే ఉత్పలమాల, పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. పిల్లలు వేళ్ల మీద లెక్కించి ‘నే’కూ ‘ని’కీ కుదిరిందని చూసుకున్నారు. ఘంటసాల మాటను విరవరు. అర్థం శ్రోతకు చేరాకే రాగం, అదీ భావానికి ఎంత కావాలో అంతే. తాళం లేని చోట కూడా కాలప్రమాణం, అంటే నడకకు ఒక కొలత, ఉంటుందని నేను ఏడాదిగా చెప్పలేకపోయిన సంగతి ఆ కొద్ది నిమిషాల్లో వాళ్ల చెవికి తగిలింది. ఒకరిద్దరు బాబాయిగారి పద్ధతే బాగున్నదన్నారు. నాకు ఘంటసాల పద్ధతే సరైనదని గట్టి నమ్మకమైనా, ఆ పెద్దాయన ముఖం చూసి వాదించలేదు.

సాయంత్రం కృష్ణా కెనాల్ స్టేషనులో రైలెక్కాము. కూరగాయల గంపలతో పెట్టె నిండి ఉన్నది. ఎదురు సీటు పిల్లవాడు తన చేతి గడియారం తీసి, మెట్ల మీద తాతగారి చివరి అక్షరం ముప్పై ఎనిమిది సెకన్లు సాగిందని, ఘంటసాలది అందులో సగమైనా లేదని లెక్క బయటపెట్టాడు. బాబాయిగారికి అది పొగడ్తో ఫిర్యాదో అర్థం కాలేదు. కాసేపు కిటికీలోంచి చూసి, గొంతు సవరించుకుని, “గడియారం పట్టుకో” అన్నారు. నంబూరు వచ్చేసరికి నలభై మూడు దాటింది. పక్క సీటులో ఫోను మాట్లాడుతున్న మనిషి, “ఉండు, మళ్లీ చేస్తాను” అని పెట్టేశాడు.