ఎలుక ఆగి గుర్తుంచుకునే ఆ సెకను

తిరుపతి ఐసర్‌లోనో ఎస్వీ యూనివర్సిటీలోనో చదివి అమెరికాలో మెదడు ల్యాబులకొచ్చే మన పిల్లలకు మొదట తగిలేది మైక్రోస్కోపు కాదు, ఎలుకల తూకం. చిన్న పనని చూడొద్దు. నేర్చుకుంటే మెదడు కణాల్లో మారేదేమిటన్న ప్రశ్న సగం అక్కడే తేలుతుంది.

తల బిగించిన ఎలుక మీసాలకు ఒక కడ్డీ తగులుతుంది. అది తప్పుకున్నాక సెకను పైచిలుకు ఆగి, కడ్డీ ఎక్కడ తగిలిందో గుర్తుంచుకుని, బీప్ వినబడ్డాకే దాన్నిబట్టి కుడి గొట్టమో ఎడమ గొట్టమో నాకాలి. సరైతే ఒక బొట్టు నీళ్లు. దానికి ఆ బొట్టు మీద ఆశ ఉండాలంటే దాహముండాలి, కాబట్టి రోజుకు ఒక మిల్లీలీటరు దగ్గర కొలిచి ఇస్తారు. బరువు మొదటిదాంట్లో 80 శాతం దాకా దిగితే శిక్షణ ఆపి నీళ్లు పట్టాల్సిందే. ఊళ్లో గంగమ్మ జాతరైనా, అక్కడ థాంక్స్‌గివింగైనా తూకానికి సెలవుండదు.

పాఠం మెట్టుమెట్టుగా ఎక్కించాలి: ముందు నాకడం, తర్వాత కుడి ఎడమల తేడా, చివర్న ఆగడం. ఆగే వ్యవధిని ఒక్కసారి పెంచితే ఎలుక ఎటూ తేల్చుకోలేక ఒకే వైపు నాకడం మరుగుతుంది. అది మాన్పించడానికి మళ్లీ రోజులు పడతాయి.

ఆ ఆగిన సెకనులో ఎదుట ఏ గుర్తూ లేకపోయినా కొన్ని కణాలు స్పందిస్తూనే ఉంటాయి. కోతుల ముందుమెదడులో ఈ సంగతిని 1971లో ఫస్టర్, అలెగ్జాండర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. శిక్షణకు ముందూ తర్వాతా పోల్చి చూస్తే, కోతుల్లో ఇలా స్పందించే కణాలు శిక్షణ తర్వాత పెరిగాయి. అయితే ఎలుక దగ్గర ఒక చిక్కుంది: పాఠం వచ్చిన ఎలుక ఆగేటప్పుడే నాలుక సవరించుకుంటుంది, మీసాలు ఆడిస్తుంది. కణం స్పందన జ్ఞాపకానిదా, కదలికదా? ముఖం మీద కెమెరా పెట్టకుండా, తప్పు చేసిన సందర్భాలను విడిగా చూడకుండా 'నేర్చుకుంది' అని రాయడం తొందరపాటే.

ఈ కణాల విద్యుత్ సంకేతాలను వినడానికి మెదడులోకి దించే న్యూరోపిక్సెల్స్ 1.0 అనే సూదిలో 960 స్థానాలుంటే ఒకేసారి వినగలిగేవి 384. సూదిని మెల్లగా దించి, కణజాలం కుదురుకునేదాకా ఆగాలి. లేకపోతే కణాలు జరిగిపోయి ఒకటి రెండుగా లెక్కకొస్తుంది. మరో సంగతి, రికార్డింగులో కరెంటు గోలను తీసేయడానికి ఇండియాలో రాసుకున్న ఫిల్టర్ కోడు అలాగే పెడితే గుయ్యిమనే శబ్దం పోదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అక్కడిది 60. అదీ మార్చాక గోల తగ్గకపోతే గ్రౌండ్ వైరు చూడండి.